మధ్యాహ్నపు మూడు నిమిషాలు

మా అన్న గుండెకు బిగించిన పంపు మధ్యాహ్నం పూట మూడేసి నిమిషాలు ఆగిపోతోందని నాకు తెలిసింది హైదరాబాదులో, ఆఫీసులో నా బల్ల ముందు కూర్చుని ఉన్నప్పుడు. నెలకోసారి మాకు అందే లెక్కలు తెరిస్తే, పంపు నడిచినంతసేపూ కంప్యూటర్ తెర మీద ఒక గీత నడుస్తుంది. ఆ గీత రాత్రీ పగలూ తేడా లేకుండా సాగి సాగి ఒకచోట తెగింది. మూడు నిమిషాల తర్వాత మళ్లీ మొదలైంది. రెండు రోజులు బాగానే ఉండి మళ్లీ తెగింది. ఆ నెలలో అలాంటివి తొమ్మిది కనిపించాయి. అన్నీ మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలోనే.

ఆ పంపును తయారుచేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. గుండె మరీ బలహీనపడి మందులకు లొంగని దశకు వచ్చినవాళ్లకు పెట్టే పంపు అది. అరచేతిలో సగం ఉంటుంది. దాన్ని గుండె కొనకు కుడతారు. లోపల ఒక చిన్న చక్రం అయస్కాంతాల బలంతో ఏ గోడనూ తాకకుండా రక్తంలో తేలుతూ తిరుగుతుంది, గుండె నెట్టలేని రక్తాన్ని తాను నెడుతుంది. పొట్ట పక్కనుంచి ఒక వైరు బయటికి వచ్చి నడుముకు కట్టుకున్న డబ్బాలో కలుస్తుంది. డబ్బాకు రెండు బ్యాటరీలు. ఒకటి తీస్తే రెండోది నడిపిస్తుంది. రెండూ తీస్తేనే పంపు ఆగుతుంది, అప్పుడు డబ్బా ఊరుకోదు. అలారానికి వేరే ఉన్న చిన్న బ్యాటరీతో, పక్కింటివాళ్లు లేచి వచ్చేంత గట్టిగా అరుస్తుంది.

బోధన్ దగ్గర మా ఊళ్లో ఉన్న అన్నకు వెంటనే ఫోన్ చేశాను.

"అలారం మోగిందా అన్నా?"

"లేదే చెల్లె. ఏం మోగలే."

వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. "మాకేం ఇనబడలే అని జెప్పు."

నేను ఇంకా రెండో ప్రశ్న అడగనేలేదు. అడగకముందే జవాబు వచ్చిందంటే గుమ్మడికాయల దొంగ అనకముందే ఎవరో భుజాలు తడుముకుంటున్నారన్నమాటే. అనుమానపడటం నాకు కొలువు నేర్పిన విద్య. పంపు ఆగితే ఎందుకు ఆగిందని అందరూ అడుగుతారు. బాగా నడుస్తుంటే ఎందుకు నడుస్తోందని అడగడానికి నాకు జీతం ఇస్తారు. పదిహేనేళ్లు ఆ పని చేసిన మనిషి ఇంటికెళ్లి కూరలో ఉప్పు సరిపోయినా నమ్మదు.

ముందు డబ్బాను అనుమానించాను. అలాంటిదే ఇంకొకటి తెచ్చి బల్ల మీద పెట్టి ఊపాను, వేడి చేశాను, తడి తగిలించాను, వైర్లు లాగి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. తర్వాత డబ్బాలో లెక్కలు రాసే ప్రోగ్రాం తయారుచేసిన సహోద్యోగిని అనుమానించాను. అతని ముందు కూర్చుని ప్రతి వరుసా చదివించాను. అతను ఓపికగా చదివి చివరికి ఒక మాట అన్నాడు.

"డబ్బాకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదండీ. ఇంట్లోవాళ్లను అడగండి."

మా అన్న అబద్ధం చెప్పే మనిషి కాదని అతని మీద ఎగిరిపడ్డాను. వదిన పేరు మాత్రం ఎత్తలేదు.

సొంతవాళ్లకు మా పంపు పెట్టొద్దని మొదట అడ్డం పడింది నేనే. అది ఇంకా అమ్మకానికి రాలేదు, కొద్దిమందికి మాత్రమే పెట్టి చూస్తున్నాం. కానీ ఎవరికి పెట్టాలో నిర్ణయించేది ఆసుపత్రి డాక్టర్లు, ఆ గదిలోకి నన్ను రానివ్వలేదు. పైగా అన్నకు వేరే దారి కూడా లేదు. పది అడుగులు వేస్తే కూలబడేవాడు. పడుకుంటే ఊపిరాడక వీపుకు దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోయేవాడు. గుండె మార్పిడికి పేరు రాయించి ఎదురుచూసేంత ఓపిక ఆ గుండెకు లేదని డాక్టర్లు తేల్చేశారు. మా బాపు పోయాక నన్ను చదివించింది ఆ అన్నే. చెరుకు బండి తోలుకుంటూ నన్ను బోధన్‌లో కాలేజీ దగ్గర దింపి, ఫ్యాక్టరీ ముందు వరసలో బండి నిలబెట్టేవాడు. అతను లేకుండా పోతాడన్న ఊహతోనే నా అభ్యంతరం మానుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రివాళ్లు అన్నకూ వదినకూ గంటసేపు వివరించి, సూచనల పుస్తకం చేతికిచ్చారు. అన్న అంతా విని నా వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పు చెల్లె. గీల్లు జెప్పేది నాకు సమజైతలేదు."

"గిది నీ బోరు మోటరే అనుకో అన్నా. జర చిన్నది, గంతే. నీళ్లు ఉన్నయి గని పైకొస్తలేవు. మోటరు తోస్తది."

అన్న ముఖం విప్పారింది. "గట్ల జెప్పు మరి," అని సంతకం పెట్టాడు. గంటసేపు డాక్టర్లు చెప్పలేనిది మూడు ముక్కల్లో చెప్పానని నాకు గర్వంగా అనిపించింది. ఆఫీసులో భోజనాల దగ్గర ఆ ముచ్చట రెండు మూడు సార్లు చెప్పుకున్నాను.

పంపు పెట్టాక అన్న లేచి తిరిగాడు. ఊరికి పోయాడు. అయితే ఊరు అతన్ని ఒక పట్టాన నమ్మలేదు. ఈ పంపు రక్తాన్ని ఆపకుండా ఒకే ధారగా నెడుతుంది కాబట్టి మణికట్టు దగ్గర నాడి దాదాపు దొరకదు. ఊళ్లో సూదులు వేసే డాక్టరు అన్న చెయ్యి పట్టుకుని వెతికి వెతికి, రెండో చెయ్యి పట్టుకుని, తర్వాత తన నాడి తాను చూసుకున్నాడట. బీపీ మిషన్ పట్టీ కడితే అంకె రాలేదు. పక్కింటి అవ్వ అన్న ఛాతీకి చెవి ఆనించి వింది.

"అవ్వో, లోపట పిండిగిర్ని నడుస్తున్నదిర. మరి నువ్వు యాడున్నవ్ కొడకా?"

ఆ మాట అన్న నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. కానీ అప్పటినుంచి కొందరు అతన్ని ముట్టుకోవడానికి జంకారు. కరెంటు కొడుతుందేమోనని వాళ్ల భయం. హోటల్ బెంచీ మీద అన్న కూర్చుంటే పక్కన కూర్చున్నవాళ్లు కాస్త జరిగేవాళ్లు. అన్న మాత్రం వీళ్లందరినీ చూసి నవ్వుకునేవాడు.

ఇంట్లో అన్నీ వదినే చూసుకునేది. వైరు బయటికి వచ్చే చోట చీము పట్టకుండా రోజూ చేతులు కడుక్కుని కట్టు మార్చడం, బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టడం, రక్తం పలచబడే మాత్ర వేళకు వేయడం. పాత చొక్కాలు కత్తిరించి డబ్బాకూ బ్యాటరీలకూ జేబులున్న బనీను కుట్టింది. ఇంత చేసినా వదిన మీద నాకు గురి కుదరలేదు. అది పాత సంగతి. ఆమె నవీపేట్ నుంచి కోడలిగా వచ్చిన రోజునుంచీ నన్ను ఇంజినీరమ్మ అనేది, అప్పటికి నేను పదో తరగతే. పెద్దయ్యాక నిజంగానే ఇంజినీరునయ్యాను, అయినా ఆమె నోట ఆ మాట వెక్కిరింతగానే వినిపించేది. ఆమె మంచి చేస్తే ఎందుకు చేసిందా అని ఆలోచించడం నాకు అలవాటైపోయింది.

ఆ తొమ్మిది ఖాళీలతో పాటు లెక్కల్లో ఇంకో విషయం కనిపించింది. పంపు మునుపటికన్నా కొంచెం ఎక్కువ కరెంటు తీసుకుంటోంది. ఇది మంచి సూచన కాదు. లోపల చక్రానికి ఏదో అడ్డు పడుతోందని అర్థం. డాక్టర్లకు చెబితే రక్తం పలచబడే మాత్ర కొంచెం పెంచారు. ఆ కబురు చెప్పడానికి అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, పంపు కరెంటు జర ఎక్కువ గుంజుతున్నది. పైలం."

"గట్లనా. సరే, నేను సూసుకుంటగని నువ్వు ఫికర్ చెయ్యకు."

ఛాతీలో ఉన్న పంపును మనిషి తానెలా చూసుకుంటాడని నేను ఆలోచించలేదు. ప్రతిదాన్నీ అనుమానించే దాన్ని ఆ ఒక్క మాటను ఎందుకు వదిలేశానో ఇప్పటికీ తెలియదు.

తర్వాతి నెల లెక్కలు చూసి భయం వేసింది. ఖాళీ ఇప్పుడు రోజూ ఉంది. మూడు నిమిషాలు కాస్తా అయిదయ్యాయి. కొన్ని రోజులు మధ్యాహ్నం ఒకసారి, పొద్దు గూకేముందు ఇంకోసారి. కరెంటు ఇంకా పెరిగింది. మళ్లీ ఫోన్ చేశాను, మళ్లీ అదే జవాబు వచ్చింది. అలారం మోగలేదు, ఏమీ వినబడలేదు, అంతా మంచిగనే ఉంది.

ఇక నాకు అనుమానం కాదు, నిర్ధారణ అయిపోయింది. వదిన ఏదో చేస్తోంది. మిక్సీ కోసమో టీవీ కోసమో ఛార్జర్ తీసేసి, ఛార్జి లేని బ్యాటరీలు పెడుతోందని ఒకరోజు అనుకున్నాను. లెక్కలో బ్యాటరీలు నిండుగానే ఉన్నాయి. మరునాడు అంతకన్నా చెడ్డ ఆలోచన వచ్చింది. ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది కాబట్టి రాస్తున్నాను. రెండేళ్లుగా రోగికి సేవ చేసి చేసి విసిగిపోయిన మనిషి తెలిసే చేస్తోందేమో అనుకున్నాను.

ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. నిజామాబాద్‌లో బస్సు మారి బోధన్‌లో దిగాను. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాల పక్కనుంచి ఆటో పోతుంటే ఆటోలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు మరాఠీలో ఏదో గుసగుసలాడుకుంటున్నారు. అది కూడా నా గురించేనేమో అనిపించింది. అప్పటికి నా బుద్ధి అలా ఉంది.

ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. అన్న వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం వాడిపోయి, పెదాలు పాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఫోన్ చెయ్యకుంట వచ్చినవేంది ఇంజినీరమ్మా?" అంది వదిన.

"ఏం, రావద్దా?"

"వద్దని ఎవరన్నరు? కోడిగుడ్లన్న తెప్పిస్తుంటి గద."

అన్న బనీను జేబులోంచి డబ్బా తీసి చూశాను. ఎక్కడా లోపం లేదు. తిరిగి పెడుతుంటే జేబు మెత్తగా తగిలింది. లోపల పత్తి పెట్టి కుట్టి ఉంది.

"ఈ పత్తి ఎందుకు వదినా?"

"నడుముకు ఒరుసుకోదా మరి?"

ఒరుసుకోకుండా పెట్టిన పత్తి నడుము వైపు ఉండాలి. అది బయటివైపు ఉంది, సరిగ్గా అలారం చప్పుడు బయటికి వచ్చే చిల్లుల మీద. డబ్బాను అదే జేబులో పెట్టేశాను. ముగ్గురం కూర్చుని తిన్నాం. పప్పు బాగుంది. వదిన నా కంచంలోకే చూస్తోంది, నేను వదిన చేతుల వైపే చూస్తున్నాను. ఒంటిగంటన్నరకు నిజామాబాద్‌లో పని ఉందని చెప్పి లేచాను. ఉండమని ఇద్దరిలో ఒక్కరూ బలవంతపెట్టలేదు. మా ఇంట్లో అలా ఎన్నడూ జరగలేదు.

రోడ్డు దాకా పోయాను. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కన కాసేపు నిలబడ్డాను. తర్వాత పశువుల కొట్టం సందులోంచి వెనక వాకిలికి వచ్చాను. సొంత అన్న ఇంట్లోకి దొంగలా అడుగులో అడుగు వేసుకుంటూ పోయాను.

లోపలి గదిలో అన్న మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాడు. వదిన మంచం పట్టె మీద కూర్చుని గోడ గడియారం వైపు చూస్తోంది. ఒక చెయ్యి అన్న ఛాతీ మీద ఉంది. పెదాలు కదులుతున్నాయి, అంకెలు లెక్కపెడుతోంది. రెండు బ్యాటరీలూ దిండు పక్కన ఉన్నాయి. డబ్బాను బనీను జేబుతో సహా దుప్పట్లో చుట్టి పెట్టారు. అందులోంచి సన్నగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టు, అలారం అరుస్తోంది.

నేనేం అరిచానో గుర్తులేదు. దుప్పటి లాగి పారేసి రెండు బ్యాటరీలూ పెట్టాను. తొందరలో ఒకటి ఒక పట్టాన కూర్చోలేదు. అన్న ఛాతీకి చెవి ఆనించాను. సన్నటి రొద మళ్లీ మొదలైంది. నాకు ఏడుపు వచ్చింది, ఆ ఏడుపులోనే వదిన భుజం పట్టుకుని ఊపేశాను.

"ఏం చేస్తున్నవ్ నువ్వు? చంపుతున్నవా?"

"మెల్లగ. ఆయన బెదురుతడు," అంది వదిన నా చెయ్యి విడిపించుకుంటూ. "ఇంక నిమిషముండె అంతే. మోటరుకు ఆరాం ఇస్తున్నం."

"ఏం ఆరాం?"

జవాబు అన్న చెప్పాడు. పడుకునే, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ.

"నువ్వే అంటివి గద కరెంటు ఎక్కువ గుంజుతున్నదని. మోటరు ఎక్కువ గుంజిందంటే ఏడెక్కినట్టే. బందువెట్టి సల్లారనియ్యకపోతే వైండింగ్ కాల్తది. పొలంలదైతే ఇంకోటి ఏసుకుంటం. గిది కాల్తే ఎట్ల మరి? మొదట్ల మూడు రోజులకోపారి ఆపినం. నువ్వు ఫోన్ చేసినంక రోజు ఆపుతున్నం."

ఈ మాట బయటివాళ్లకు పిచ్చిగా తోచవచ్చు. మా వైపు అది ప్రతి రైతుకూ తెలిసిన పాఠం. కరెంటు కొన్ని గంటలే వచ్చిన రోజుల్లో మోటారు దానంతటదే చల్లారేది. రాత్రింబవళ్లు కరెంటు వచ్చాక ఆపకుండా నడిపి మోటార్లు కాల్చుకున్నవాళ్లను ఊరంతా చూసింది. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చేముందు స్టార్టర్ డబ్బా దగ్గర ఆగి మోటారు బందు పెట్టి రావడం పద్ధతి అయింది. మీటరు ముల్లు కరెంటు ఎక్కువ చూపిస్తే ఇంకా ఎక్కువసేపు ఆపుతారు. అలా ఆపనివాణ్ని, మిట్టమధ్యాహ్నం ఎడ్లను విడవకుండా అరక దున్నేవాణ్ని చూసినట్టు చూస్తారు. మా అన్న ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. అతని బోరు మోటారు ఒక్కసారి కూడా కాలలేదని ఊళ్లో పేరు.

"పుస్తకంల రాసి ఉన్నది గద, రెండు బ్యాటరీలు తియ్యొద్దని," అన్నాను.

"కంపెనోళ్లు గట్లనే రాస్తరు," అంది వదిన. "మోటరు అమ్మినోడు ఎన్నడన్న ఆపుమన్నడా? ఎంతసేపన్న నడిపియ్యి, ఏం గాదంటడు. కాలినంక మొఖం సూపియ్యడు. విత్తనాలోడు గట్లనే, మందులోడు గట్లనే. ఇంక నిన్ను అడుగుదమంటే నువ్వు గా కంపెనీ మనిషివే గదా."

అన్న తల అడ్డంగా ఊపాడు.

"అట్ల గాదు. కాయిదం కంపెనీది. బోరు మోటరన్న మాట చెల్లెది. నేను దాని మాట పట్టుకున్న."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. అన్నకు ఏ మాత్రం అర్థమవుతుందో నేనే నిర్ణయించేసుకుని, అంతవరకే తుంచి ఇచ్చాను. అతను ఆ ముక్కను పూర్తిగా, చివరిదాకా అర్థం చేసుకున్నాడు. అందరినీ అనుమానించాను, వైర్లను అనుమానించాను, అతను కట్టుకున్న భార్యను అనుమానించాను. నా నోటిని మాత్రం అనుమానించలేదు.

"అన్నా, నీళ్లు ఆగితే నీళ్లే. రక్తం ఆగితే గడ్డ గడ్తది. గా గడ్డకే పంపు బరువెక్కుతున్నది. దీనికి ఏడి ఎక్కది, లోపట చక్రం దేనికీ తాకదు. దీన్ని ఆపుడే ఖరాబు."

అన్న పైకప్పు వైపు చూస్తూ ఆలోచించాడు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అతను మూడు సీజన్లు అక్కడ రసం పంపుల దగ్గర పనిచేశాడు.

"అంటే రసం లెక్కనా?"

"ఏం రసం?"

"చెరుకు రసం. సీజన్ల రసం పంపును ఆగనిస్తుంటిమా? ఆగిన రసం పైపుల పులిసి జిగటవడ్తది. జిగటవడ్తే పంపు తిరగలేక కరెంటు గుంజుతది. దాన్ని ఇంక ఆపితే ఇంక జిగటవడ్తది." అతను నా వైపు తిరిగాడు. "గా ముచ్చట మొదలే జెప్తే అయిపోతుండె గద చెల్లె. గది నాకు ఎరుకున్నదే."

అతనికి తెలిసిందే. నాకూ తెలుసు, చిన్నప్పుడు అన్నకు సద్ది తీసుకుని ఆ పంపుల దగ్గరికి ఎన్నోసార్లు పోయాను. తన ఛాతీలో ఏం జరుగుతోందో నా రెండు నెలల లెక్కలకన్నా సరిగ్గా అతను నాలుగు మాటల్లో చెప్పాడు.

"మూత్రం ఎట్లొస్తున్నది అన్నా?"

అన్న వదిన వైపు చూశాడు. వదిన చెప్పింది.

"బెల్లం పానకం లెక్క. నాలుగు రోజులాయె. ఎండలకు గావొచ్చు అనుకున్నం."

అంటే గడ్డ కట్టిన చోట రక్తం నలిగిపోతోంది. ఆసుపత్రికి ఫోన్ చేశాను, వెంటనే తీసుకురమ్మన్నారు. పక్కింటివాళ్ల కారు మాట్లాడాను. నేను ఫోన్లు చేస్తుండగానే వదిన బ్యాటరీలు, ఛార్జరు, మాత్రలు, కట్టు సామాను, అన్న లుంగీలు సంచిలో సర్దేసింది. ఒక్క వస్తువు మరిచిపోలేదు.

కారు నిజామాబాద్ దాటాక అన్న ముందు సీట్లో కునుకు తీశాడు. వెనక సీట్లో వదినా నేనూ పక్కపక్కన కూర్చున్నాం.

"నన్నే అనుమానపడ్డవ్ గద?" అంది వదిన.

"అవును వదినా."

"పత్తి దిక్కు సూసినప్పుడే ఎరుకైంది."

"నాకు జెప్పకపోతివి."

"జెప్తనంటే ఆయన వద్దన్నడు. చెల్లె పంపు కాలిందంటే నౌకరీల దానికే మాటొస్తది, మనమే పైలంగ కాపాడుకోవాలె అన్నడు. ఆపిన్నాడల్ల ఆయన గుండె మీద చెయ్యి పెట్టి లెక్కవెట్టిన. మొఖం తెల్లగైతే బ్యాటరీలు పెడ్దామని. నాకేం సరదానా?"

ఆమె ఏడవలేదు. కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తూ కొంగుతో మెడ తుడుచుకుంది. క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. ఆ మాట ఇంకా బాకీ ఉంది.

ఆసుపత్రిలో గడ్డ కరిగే మందు రెండు రోజులు ఎక్కించారు. లొంగలేదు. మూడో రోజు ఛాతీ మళ్లీ తెరిచి ఆ పంపు తీసేసి కొత్తది పెట్టారు. అన్న బతికాడు. కానీ ఆపరేషన్‌కు ముందో మధ్యలోనో గడ్డ ముక్క ఒకటి మెదడుకు పోయింది. ఎడమచెయ్యి పడిపోయింది.

తీసేసిన పంపు మా ల్యాబుకు వచ్చింది. దాన్ని విప్పింది నేనే. చక్రం కింద నల్లటి గడ్డ ఉంగరంలా చుట్టుకుని ఉంది. ఫొటోలు తీశాం, కొలిచాం, చక్రాన్నీ గోడలనూ భూతద్దం కింద పెట్టి చూశాం. ఎక్కడా గీత లేదు. పంపు లోపం కాదని తేలగానే గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అన్నేళ్ల పని నిలబడిందని ఒక క్షణం నాక్కూడా హాయిగా అనిపించింది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

రిపోర్టులో కారణం అన్న చోట "సూచనలకు విరుద్ధంగా రోగి విద్యుత్ సరఫరా నిలిపివేయడం" అని రాశారు. మేం ఎలా చెప్పామన్నది కూడా రాయాలని నేను మీటింగులో అన్నాను. మా ఆఫీసు పెద్దాయన కళ్లద్దాలు తీసి అడిగాడు.

"మన సూచనల పుస్తకంలో బోరు మోటారని ఉందా అమ్మా?"

"లేదు సార్."

"మరి అది మీ ఇంటి మాట. రిపోర్టులోకి ఎలా వస్తుంది?"

పంపును ఎప్పుడూ ఎందుకు ఆపకూడదో బొమ్మలతో చెప్పే పేజీ ఒకటి పుస్తకంలో చేర్చడానికి ఒప్పుకున్నారు. ఎదురు చెబితే ఈ పని నుంచి తప్పిస్తారని భయపడ్డాను. కాగితం నా దాకా వచ్చింది. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం ఆసుపత్రికి పోయాను. అన్నను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. వదిన చెంచాతో జావ తాగిస్తోంది. అన్న మాట ముద్దగా, మెల్లగా వస్తోంది. నన్ను చూడగానే చెంచాను పక్కకు జరిపాడు.

"పంపు ఇప్పి సూసిండ్రా?"

"సూసినం అన్నా."

"ఏం రాసిండ్రు? నీ మీదికి ఏం మాట రాలే గద?"

వదిన తల ఎత్తలేదు. గిన్నెలో చెంచా తిప్పుతూనే ఉంది.

"రాలేదన్నా," అన్నాను. అది నిజమే.

అన్న ముఖం తేటపడింది. "గంతే సాలు," అని, కదలని ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, జావ కోసం నోరు తెరిచాడు.